పిడికిళ్ళు

అరచేతుల్లో రాగి రంగు మచ్చలు కనిపించినప్పుడు నాకు 22 ఏళ్ళు. దురద లేదు, నొప్పి లేదు. సబ్బు పడలేదనుకున్నాను. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు నా చేతులు, పాదాలు చూశారు. గది తలుపు తీసే ఉంది. బయట పదిమంది కూర్చుని ఉన్నారు. “పెళ్ళి కాలేదంటున్నావు, మరి ఈ రోగం ఎక్కడ తెచ్చుకున్నావు?” అన్నారు. ఆయన రాసిన రక్తపరీక్ష చీటీ బల్ల మీదే వదిలేసి వచ్చేశాను. రోగాన్ని ఆయన సరిగ్గానే పోల్చారని తర్వాత తెలిసింది. నా కోపం ఇప్పటికీ చల్లారనిది అందుకే. అంత తెలిసిన మనిషికి లేచి తలుపు వేయాలని తోచలేదు.

ఇరవై రోజులు పిడికిళ్ళు బిగించుకుని తిరిగాను. అమ్మ వైపు వీపు పెట్టి అన్నం తిన్నాను. చివరికి ఒక రాత్రి మేడ మీదికి వెళ్ళి ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేశాను. ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు వెళ్ళమన్నారు. మా ఊళ్ళో ఎవరైనా చూస్తారని తెల్లవారుజామున బస్సెక్కి బరంపురం వెళ్ళాను.

అక్కడి కౌన్సిలరమ్మ ముందుగా తలుపు వేసింది. “ఏమైనా తిని వచ్చావా అమ్మా?” అని తెలుగులో అడిగింది. ఏడ్చేశాను. ఎవరతను అని అడగలేదు. “అతనికీ మందు పడాలి, చెప్పగలవా?” అని మాత్రం అంది. నాకు వచ్చింది సిఫిలిస్, నాయనమ్మ తరంవారు సవాయి అనేది. హెచ్‌ఐవీ లేదు, మూడు నెలలకు మళ్ళీ చూడాలన్నారు. 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్ రెండు తుంట్లకూ సగం సగం ఇచ్చారు. పైసా తీసుకోలేదు.

ఇంటికి చేరేసరికి వణుకు మొదలైంది. రాత్రి పదింటికి ఒళ్ళు కాలిపోతోంది, మచ్చలు మరింత ఎర్రబడ్డాయి. మందు వికటించిందనుకున్నాను. అమ్మ నుదుటిన తడిగుడ్డ వేస్తూ శ్రీముఖలింగేశ్వరుడికి మొక్కుకుంటోంది. నేను పోతే అమ్మకు సంగతి ఆ డాక్టరు నోటి నుంచి తెలుస్తుందే అన్న భయం చావు భయం కంటే పెద్దదైంది. అర్ధరాత్రి దాటాక కౌన్సిలరమ్మ మాట గుర్తొచ్చింది: “క్రిములు ఒక్కసారిగా చస్తాయి, జ్వరం రావచ్చు, ఒక్క రోజులో తగ్గుతుంది.” ఏడుపులో నేను సరిగా వినలేదు. తెల్లవారేసరికి చెమట పట్టి జ్వరం దిగింది.

అతనికి చెప్పాను. మర్నాటి నుంచి నా ఫోను ఎత్తలేదు.

చెల్లెళ్ళూ, ఈ మచ్చలు మందు లేకపోయినా పోతాయి. రోగం మాత్రం లోపలే ఉండి, ఏళ్ళ తర్వాత గుండెనో మెదడునో పట్టుకోవచ్చు. మచ్చ మాయమైందని పరీక్ష మానకండి. మన హెచ్‌ఐవీ ఫలితాన్ని మన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది, ధైర్యంగా వెళ్ళండి.

ఆరు నెలలకు నా రక్తపరీక్షలో రోగం జోరు చెప్పే అంకె 1:32 కాస్తా 1:4కు దిగింది, మందు పనిచేసిందన్నమాట. ఆ రాత్రి జ్వరం తగ్గినందుకు మొక్కు తీర్చాలని అమ్మ నన్ను శ్రీముఖలింగం తీసుకెళ్ళింది. స్వామితోపాటు ఆ కౌన్సిలరమ్మకూ మనసులో దండం పెట్టుకున్నాను. పూజారి ప్రసాదం పెడుతుంటే, “ఒక్క చెయ్యి చాలు కదే” అంది అమ్మ. నేను రెండు అరచేతులూ చాపి నిలబడ్డాను.