మా ఊరికి తెలుసు

హైదరాబాదుకు ఉద్యోగానికి వచ్చి పదకొండేళ్ళయింది. స్వలింగ ప్రేమికుల గురించో, ట్రాన్స్‌జెండర్ల గురించో ఆఫీసులో మాట వచ్చినప్పుడల్లా, "మీ పల్లెటూళ్ళలో ఇవన్నీ ఎవరికి తెలుస్తాయిలే" అని నా వైపు తిరిగి అనేవారు ఒకరైనా ఉంటారు. మా ఊరికి తెలుసు. తెలిసీ జాతర నాడు ఒక తీరుగా, మిగతా రోజుల్లో మరో తీరుగా చూస్తుంది. నా బాధంతా అక్కడే.

మాది సిద్దిపేట వైపు. కొమురవెల్లి మల్లన్న జాతరకు మా ఊరి నుంచి వెళ్ళే శివసత్తులలో, అంటే దేవుడికి అంకితమైన భక్తురాళ్ళలో, మగపిల్లవాడిగా పుట్టినామె ఒకరు ఉండేవారు. ఆమె చీర కట్టి, నుదుటి నిండా బండారి పూసుకొని పూనకంతో శిగమూగుతుంటే, మా నానమ్మ వంగి పాదాలు మొక్కి, ఆమె చేతిలోని పసుపును తెచ్చి నా నుదుటికి రాసేది. జాతర ముగిసిన వారానికే ఆమె కల్లు దుకాణం ముందు నుంచి నడిచిపోతుంటే, "ఆడంగి" అని కేకలు వేసినవారిలో మా చిన్నాన్న కూడా ఉన్నాడు. నానమ్మ విన్నది, ఏమీ అనలేదు. పల్లెటూరివాళ్ళం కదా అని ఆ మౌనాన్ని నేను సమర్థించలేను.

అలాగని పట్నానికి మమ్మల్ని తక్కువ చేసి చూసే అర్హత ఉందనుకోను. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని 1919లో చట్టం చేసింది నిజాం పాలనలోని ఈ రాజధానే. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేయడానికి 2023 జులై దాకా, అంటే 104 ఏళ్ళు పట్టింది.

పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పిన తర్వాతే, నాతో ఒకే గదిలో ఉండే మిత్రుడు తన సంగతి నాతో చెప్పాడు. ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఫలానావారి కొడుకుగానే గుర్తింపు పొందుతారు కాబట్టి, అతని మాట బయటపడితే తలదించుకోవలసింది తండ్రేనని అతని భయం. పెళ్ళి మాట ఎత్తుతారని నాలుగేళ్ళుగా పండుగకు వెళ్ళడం లేదు. వ్యవసాయం గురించి మాత్రం రోజూ మాట్లాడతాడు.

మొన్న దసరాకు అతని తరఫున జమ్మి ఆకు తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాను. ఆయన దానిని చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకొని, "పత్తి ఏరే యాళ్లకన్నా వస్తడా, బిడ్డా?" అని అడిగారు. వస్తాడని చెప్పలేకపోయాను.