కొత్త గోడల మధ్యకు పాత నాణేలు

మ్యూజియం మరమ్మతులు అయిపోయి, రంగులు పడి, ప్రారంభోత్సవానికి తేదీ ఖాయమయ్యాక అందరూ అడిగేది ఒక్కటే: వస్తువులు ఎప్పుడు సర్దుతున్నారు? నిజానికి పని జరిగినన్నాళ్లూ అవి ఎక్కడో పెట్టెల్లో భద్రంగానే ఉంటాయి. ఆరని గోడలు, కొత్త ప్లైవుడ్, జిగురు వాసనల మధ్యకు తెచ్చాకే వాటికి అసలు ముప్పు మొదలవుతుంది.

ముందు గోడల సంగతి. సిమెంటు ప్లాస్టరింగు పైపైన వారంలో ఆరినట్టే ఉంటుంది. లోపలి నీరు బయటికి రావడానికి నెలలు పడుతుంది. పాత భవనాలైతే ఇంకో చిక్కు. విజయవాడ విక్టోరియా జూబ్లీ మ్యూజియం 1887 నాటిది, మరమ్మతుల తర్వాత 2020 అక్టోబరులో బాపు మ్యూజియంగా తెరుచుకుంది. ఆ కాలపు కట్టడాలు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఇరుక్కుని, ఉప్పు పొంగి, రంగు పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి గోడకు కరక్కాయ, బెల్లం నీళ్లతో కలిపిన డంగు సున్నమే సరి. పైన కూడా వెల్లే వేయాలి, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు.

ఆరిందో లేదో చూడటానికి అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న పాలిథిన్ షీటును గోడకు, నేలకు ఆనించి నాలుగు అంచులా టేపు అతికించండి. 16 గంటల తర్వాత విప్పితే లోపలి వైపు నీటి ముత్యాలు కనిపించాయంటే ఇంకా ఆగాల్సిందే.

టైల్స్ వేశాక మేస్త్రీలు సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్‌తో కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాడు సున్నపురాయిలో, ఆమ్లం తగిలితే ఆ రాయి నురగ కక్కుతూ కరిగిపోతుంది. ఆవిరి చాలు, కంచు విగ్రహాల మీద లేత ఆకుపచ్చ పొడి లేవడానికి. యాసిడ్ వాడకూడదని కాంట్రాక్టులోనే రాయించండి. ఈసరికే వాడేసి ఉంటే నేలను వంటసోడా కలిపిన నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగించి, కిటికీలు తెరిచి ఆరనివ్వాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం షోకేసుల్లో జరుగుతుంది. కోటిలింగాల, పెదబంకూరు వంటి చోట్ల దొరికిన శాతవాహన నాణేల్లో సీసంవి చాలా ఉన్నాయి. సీసానికి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి పడదు. ఆ ఆవిరి చెక్క నుంచి వస్తుంది, ఫెవికాల్ లాంటి తెల్ల జిగుర్ల నుంచి వస్తుంది, అద్దాల అంచున పూసే చవక సిలికాన్ నుంచి వస్తుంది. ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన కొడితే అది ఆ రకమే, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి. మూసిన కేసులో నాణెం మీద మొదట బూడిద రంగు మసక, తర్వాత పిండిలాంటి తెల్లపొడి. ఆ పొడి నాణేన్నే తినేసి వచ్చింది. తుడిస్తే ఏనుగు బొమ్మో, ఓడ బొమ్మో, రాజు పేరో దానితో పాటే పోతుంది, మళ్లీ రాదు. అందుకే సీసం నాణేలకు పౌడర్ కోటింగ్ వేసిన లోహపు ఫ్రేము, గాజు, కింద రంగు అద్దని, ఉతికి ఆరేసిన నూలు గుడ్డ చాలు. ప్లైవుడ్ వద్దే వద్దు.

ఏ సరుకు పనికొస్తుందో తేల్చే పరీక్ష దగ్గరలోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేయించవచ్చు. 50 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో ఆ సరుకు 2 గ్రాములు, అర మిల్లీలీటరు నీళ్లు, వెండి, రాగి, సీసం రేకు ముక్కలు ఒకటికొకటి తగలకుండా పెట్టి, గట్టిగా మూసి, 60 డిగ్రీల ఓవెన్‌లో 28 రోజులు ఉంచాలి. సరుకు లేకుండా రేకులు, నీళ్లు మాత్రమే ఉన్న గొట్టం ఇంకొకటి పక్కన ఉండాలి, పోల్చుకోవడానికి. రేకు నల్లబడినా, తెల్లబడినా ఆ సరుకు కేసులోకి రాకూడదు. ఈ 28 రోజులు దొరకాలంటే షోకేసుల సరుకు ఆర్డరు ఇచ్చే ముందే మొదలుపెట్టాలి.

తాళపత్రాలు గోదాము నుంచి పురుగును మోసుకురావచ్చు. పాలిథిన్‌లో గాలి తీసి సీలు చేసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సీలు విప్పకండి, విప్పితే చల్లటి ఆకుల మీద నీరు పడుతుంది. తర్వాత వాటి మీద వెలుతురు 50 లక్స్ దాటనివ్వద్దు.

బరువైన రాళ్లు మొదట, పెళుసు వస్తువులు చివర. మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న సున్నపురాయి పలక దాదాపు 600 కిలోలు తూగుతుంది. పై అంతస్తుకైతే ఇంజనీరు సంతకం లేకుండా ఎక్కించకండి.

ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ, హారతి, జ్యోతి ప్రజ్వలన అన్నీ వరండాలోనే కానివ్వండి. పూలదండలు లోపలికి రానివ్వద్దు, వాటితో పురుగులూ వస్తాయి. తెరిచాక మొదటి మూడు నెలలు వారానికోసారి సీసం నాణేలను భూతద్దంతో చూడండి. తెల్లచుక్క ఒక్కటి కనిపించినా ఆ కేసు ఖాళీ చేసి, నాణేలను మూత బిగుతుగా ఉండే పాలిథిలీన్ డబ్బాలోకి మార్చి, తర్వాతే కారణం వెతకండి.