పుట్టగొడుగుల గదికి చప్పుడు చేయని ఫ్యాను, బొగ్గు ఫిల్టరు: కొనే ముందు ఆలోచించవలసినవి

నెల్లూరులో మిద్దె మీద ఒక గది ఖాళీగా ఉంటే అందులో పుట్టగొడుగులు పెంచవచ్చునా అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. పెన్నా ఆయకట్టు ఉన్న జిల్లాలో వరిగడ్డికి కొదవ లేదు, విత్తనం తెప్పించుకోవడం కష్టం కాదు, సంచులు నింపే పద్ధతిని ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. సరిగా చెప్పేవారు దొరకనిది గాలి సంగతి ఒక్కటే. ఇళ్ళ మధ్య ఉన్న గదిలో పంట తీయాలంటే లోపలి గాలి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి, ఆ పోయే గాలిలోని వాసన పక్కింటి వంటగదిలోకి చేరకూడదు, దానిని తోలే ఫ్యాను మోత రాత్రి పూట ఎవరి నిద్రనూ చెడగొట్టకూడదు. వాసనను ఆపేందుకు ఫిల్టరు పెడితే గాలికి అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డును దాటించేందుకు ఫ్యాను వేగం పెంచితే చప్పుడు పెరుగుతుంది. అందువల్ల వీటిని విడివిడిగా కాక కలిపి ఆలోచించి కొనాలి. చలికాలంలో ముత్యపు చిప్ప రకాన్నీ ఎండాకాలంలో పాల పుట్టగొడుగులనూ పెంచుతున్న అనుభవంతో నాకు తోచిన సలహా ఇది: డబ్బు ముందుగా ఫ్యాను మీద పెట్టండి, బొగ్గు ఫిల్టరు మీద ఆశలు కొంచెం తగ్గించుకోండి.

పుట్టగొడుగులు మొక్కల వంటివి కావు. అవి మనలాగే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. సంచుల్లో తెల్లని బూజు అల్లుకుంటున్న దశలో ఆ వాయువు ఎంత పేరుకున్నా పెద్ద నష్టం లేదు కాబట్టి అప్పుడు ఫ్యానుతో పనే లేదు. మొగ్గలు తొడిగిన తరువాతే చిక్కు వస్తుంది. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల వంతుల్లో సుమారు 420 వంతులు ఉంటుంది. పంట దశలో గదిలో అది 1000 దాటకుండా చూసుకోవాలి. దాటితే ముత్యపు చిప్పల కాడలు సాగి, గొడుగులు బొత్తాలంత చిన్నవిగా మిగిలిపోతాయి. అటువంటి పంటను బజారులో ఎవరూ కొనరు.

ఎంత గాలి కావాలన్నది లెక్క వేసుకోవడం సులభం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పంట దశలో గంటకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఆ గాలి మారాలి. ఆరు సార్లు అనుకుంటే గంటకు 7200, అంటే నిమిషానికి 120 ఘనపుటడుగులు. పెట్టె మీద సి.ఎఫ్.ఎం. అని రాసేది ఈ అంకెనే. కొందరు తయారీదారులు గంటకు ఘనపు మీటర్లలో రాస్తారు, దానిని 1.7తో భాగిస్తే సి.ఎఫ్.ఎం. వస్తుంది. అయితే పెట్టె మీది అంకె ఫ్యానుకు ముందూ వెనుకా ఏ అడ్డూ లేనప్పటిది. బొగ్గు ఫిల్టరు, గొట్టం, వంపులు కలిస్తే అందులో మూడో వంతు దాకా పోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మన గదికి 180 సి.ఎఫ్.ఎం. పేరు మీద ఉన్న ఫ్యాను అయినా కావాలి.

ఇక్కడే చాలామంది గొట్టం మధ్యలో ఇమిడే నాలుగంగుళాల ఇన్‌లైన్ ఫ్యాను కొని పని ముగించుకుంటారు, ఎందుకంటే దాని సామర్థ్యం సుమారుగా అంతే ఉంటుంది. నేనైతే ఆరంగుళాలదే తీసుకొమ్మంటాను. ఆరంగుళాల ఫ్యాను పూర్తి వేగంలో 350 నుంచి 400 సి.ఎఫ్.ఎం. దాకా తోలుతుంది, దానిని సగం వేగంలో తిప్పినా మన అవసరం తీరుతుంది. ఫ్యాను వేగం సగమైతే గాలి కూడా సగమవుతుంది కాని, చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది, కరెంటు ఖర్చు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు దిగుతుంది. డెసిబెళ్ళు పది పెరిగితే మన చెవికి చప్పుడు రెట్టింపయినట్లు వినిపిస్తుంది కాబట్టి 15 తగ్గడం చిన్న విషయం కాదు. చిన్న ఫ్యానును గొంతు చించుకునేటట్లు తిప్పడం కంటే పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పడం ఎప్పుడూ మేలు. ప్రకటనలో రాసే డెసిబెళ్ళను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. ఆ కొలత ఒక మీటరు దూరం నుంచి తీసినదా మూడు మీటర్ల నుంచి తీసినదా అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు 45 డెసిబెళ్ళకు మించకూడదు. పగటి హద్దు 55. పక్కింటి పెద్దాయన ఆ నియమాలను చదివి ఉండకపోవచ్చు, కాని ఆయన చెవికి హద్దు తెలుసు.

కిటికీకి బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాను ఈ పనికి పనికిరాదని ముందే తెలుసుకోవడం మంచిది. దాని రెక్కలు అడ్డు లేని చోట గాలిని బాగానే తోలుతాయి కాని ముందర బొగ్గు పొర పెడితే అక్కడక్కడే గాలిని చిలుకుతూ మోత పెంచుతాయి. ఇన్‌లైన్ ఫ్యానులలో కూడా గాలిని అంచులకు విసిరే, వెనుకకు వంగిన రెక్కల సెంట్రిఫ్యూగల్ రకమో, గాలిని ఏటవాలుగా తోసే మిక్స్‌డ్ ఫ్లో రకమో అయి ఉండాలి. ట్రంకు రోడ్డు దుకాణాలలో ఇన్‌లైన్ అని అడిగితే గొట్టంలో కూర్చోబెట్టిన సాదా రెక్కల ఫ్యానును చూపించే అవకాశం ఉంది. చేతిలోకి తీసుకుని రెక్కల ఆకారం చూస్తే తేడా తెలిసిపోతుంది.

మోటారు విషయంలో ఇప్పుడు ఎంపిక సులభమయింది. ఇళ్ళలో సీలింగ్ ఫ్యానులలో వచ్చిన, బ్రష్‌లు లేని బి.ఎల్.డి.సి. మోటార్ల వంటివే ఇన్‌లైన్ ఫ్యానులలో ఇ.సి. మోటార్ల పేరుతో వస్తున్నాయి. వీటి వేగాన్ని ఎంత తగ్గించినా గుర్రుమనే శబ్దం పుట్టదు. ఇంటి కరెంటు మీద నేరుగా నడిచే పాత తరహా ఎ.సి. మోటారుకు గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెడితే సగం వేగంలో సన్నని ఝుంకారం మొదలవుతుంది, అది గాలి చప్పుడు కంటే ఎక్కువగా గోడల్లో పాకుతుంది. ఎ.సి. మోటారే కొనవలసి వస్తే కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటరు వాడాలి. గది నిండా మంచు తుంపర ఉంటుంది కనుక నీటి చినుకులను తట్టుకునే ఐ.పి.ఎక్స్. 4 గుర్తు ఉన్న మోటారును చూసుకోవాలి.

మంచి ఫ్యానును కూడా చెడ్డగా బిగిస్తే మోగుతుంది. గోడకు స్క్రూలతో నేరుగా బిగించిన ఫ్యాను ఆ గోడనంతా తనతో పాటు అదిరిస్తుంది. శ్లాబులో సీలింగ్ ఫ్యాను కోసం వదిలిన కొక్కెం ఎలాగూ ఉంటుంది, దానికి రబ్బరు పట్టీలతో వేలాడదీస్తే అదురు అక్కడే ఆగిపోతుంది. మెత్తని గొట్టాన్ని వదులుగా వేలాడనీయకుండా వంకర లేకుండా బిగుతుగా లాగి కట్టాలి, తొంభై డిగ్రీల వంపులు తప్పనిసరైన చోట మాత్రమే పెట్టాలి. గొట్టం బయటకు తెరుచుకునే చోట వాన రాకుండా పెట్టే ప్లాస్టిక్ తడకల రెక్కలు తక్కువ వేగంలో టకటకమని కొట్టుకుంటాయి; వాటిని తీసేసి కిందికి వంచిన మూతి పెట్టడం మంచిది.

ఇక బొగ్గు సంగతి. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరితో ఉత్తేజపరచిన బొగ్గు ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల దాకా లోపలి ఉపరితలం ఉంటుంది. వాసన కలిగించే అణువులు బొగ్గులోని సన్నని రంధ్రాలలో అంటుకుని ఉండిపోతాయి. గాలి బొగ్గు పొరలో ఎంతసేపు నిలిస్తే అంత బాగా శుభ్రపడుతుంది కాబట్టి, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఇక్కడ కూడా మేలు చేస్తుంది. ఫిల్టరు మీద రాసిన సి.ఎఫ్.ఎం. ఫ్యానుది కంటే తక్కువ కాకుండా చూసుకోవాలి. చేతికి తేలికగా అనిపించే ఫిల్టరులో బొగ్గు తక్కువని అర్థం, కాబట్టి కొనేటప్పుడు బరువు అడగండి.

అయితే పుట్టగొడుగుల గదిలో ఈ బొగ్గుకు పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 70 శాతం దాటిన దగ్గర నుంచి నీటి ఆవిరి బొగ్గు రంధ్రాలను ఆక్రమించుకుంటుంది. తడిసిన గుడ్డ ఇంకొక చెంబు నీళ్ళను పీల్చలేనట్లే ఆ బొగ్గు వాసనను పీల్చలేదు. మన గదిలో తేమ ఎప్పుడూ 80 నుంచి 90 శాతం మధ్య ఉండాలి. పైగా ఈ జిల్లాకు ప్రధానమైన వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయటి గాలి కూడా తడిగానే ఉంటుంది. పొడి గాలి ఉన్న గదిలో ఏడాదికి పైగా పనిచేసే ఫిల్టరు నుంచి ఇక్కడ అంత ఆశించడం న్యాయం కాదు. ఇంకొక పరిమితి కూడా ఉంది. అమ్మోనియా ఘాటును మామూలు బొగ్గు దాదాపుగా పట్టుకోదు, దానికి ఆమ్లంలో నానబెట్టి తయారుచేసిన ప్రత్యేకమైన బొగ్గు కావాలి. కోళ్ళ ఎరువు కలిపిన కంపోస్టును ఇళ్ళ మధ్య గదిలో పెట్టాలనుకునేవారు ఏ ఫిల్టరునూ నమ్ముకోకుండా ఆ ఆలోచనే మానుకోవాలి.

వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్పలకు నిజానికి అంత ఘాటు వాసన ఉండదు. వాసన ఎక్కువగా వచ్చేది గడ్డి నానబెట్టిన నీటి నుంచి, పంట అయిపోయినా తీయకుండా మూలన వదిలేసిన సంచుల నుంచి, కోయకుండా కుళ్ళిన గొడుగుల నుంచి. నానబెట్టిన నీటిని అదే రోజు పారబోసి, అయిపోయిన సంచులను వెంటనే ఎరువు గుంటకు పంపితే బొగ్గుకు మిగిలే పని కొంచెమే. అందుకే ముందు ఫ్యాను మాత్రం బిగించి, ఒక పంట తీసి, వాసన నిజంగా ఇబ్బంది పెడుతున్నదని తెలిసిన తరువాత ఫిల్టరు కొనడం తెలివైన పని. అప్పుడు చేర్చేందుకు వీలుగా ఫ్యానుకు శక్తి మిగిలి ఉండాలి, ఆరంగుళాలది కొనమనడానికి అది ఇంకొక కారణం.

బొగ్గు ఉన్నా లేకపోయినా ఫ్యానుకు ముందు ఒక గుడ్డ ఫిల్టరు తప్పనిసరిగా ఉండాలి. ముదిరిన ముత్యపు చిప్పలు కంటికి కనిపించని సిద్ధబీజాలను పొగలాగా వదులుతాయి. అవి రెక్కల మీద పొరగా పేరుకుని ఫ్యానును తూకం తప్పిస్తాయి, అప్పుడు ఎంత మంచి ఫ్యాను అయినా అదురుతుంది; బొగ్గు గింజల మధ్య సందులను కూడా పూడ్చేస్తాయి. అవి ఊపిరితిత్తులకు కూడా మంచివి కావు. రోజూ ఆ గాలి పీల్చే పనివారికి అలర్జీతో కూడిన దగ్గు, ఆయాసం రావడం వైద్యులకు తెలిసిన విషయమే. గొడుగు అంచులు పైకి తిరగక ముందే కోస్తే వీటిలో చాలా భాగం తప్పుతుంది. గుడ్డను వారానికొకసారి ఉతికి ఆరబెట్టాలి. గదిలోకి వెళ్ళేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

ఫ్యాను బిగించాక గది తలుపు మూసి, కింది సందు దగ్గర అగరుబత్తి పట్టుకుని చూడండి. పొగ లోపలికి లాగుకుంటే గదిలోని గాలి ఫ్యాను దారిన తప్ప వేరే సందుల నుంచి బయటికి పోవడం లేదని అర్థం. బయటి గాలి లోపలికి వచ్చే దారికి ఈగలు దూరని సన్నని వల బిగించాలి. మే నెలలో పడమటి గాలి వీచే రోజుల్లో ఆ దారికి తడిపిన గోనె పట్టాలో, వట్టివేళ్ళ తడికో కట్టకపోతే నిమిషానికి 120 ఘనపుటడుగుల వడగాలిని మనమే లోపలికి ఆహ్వానించినట్లవుతుంది. అప్పుడు పాల పుట్టగొడుగులు కూడా తట్టుకోలేవు, అవి 30 నుంచి 35 డిగ్రీల వేడిని ఇష్టపడేవే అయినా సరే. అటువంటి రోజుల్లో మధ్యాహ్నం ఫ్యానును ఆపి, తెల్లవారుజామునా రాత్రీ ఎక్కువసేపు తిప్పేటట్లు టైమరు పెట్టుకోవచ్చు. ఫ్యాను రాత్రి పూటే ఎక్కువగా తిరుగుతుంది కనుక చప్పుడు గురించి ఇంత పట్టింపు అవసరమయింది.

కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఇన్వర్టరు మీద నడవవలసి ఉంటే, ఆ ఇన్వర్టరు ఇంటి కరెంటులాగే సాఫీగా అలలుగా ఇచ్చే సైన్ వేవ్ రకమా కాదా అన్నది ఒకసారి చూసుకోండి. కరెంటును మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఎ.సి. మోటారు వేడెక్కి గుర్రుమంటుంది, ఆ మోతకు పక్కింటివారు కరెంటు పోయిన సంగతి మనకంటే ముందే కనిపెడతారు.