సెలైన్ అయిపోతే పిన్ని చూసుకుంటుంది

తెనాలి దగ్గర మా ఊళ్ళో బాబాయి బండి మీంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. సెలవు మీద వచ్చి ఉన్నాను కదా, గుంటూరులో ఒక సర్కారు ఆసుపత్రి వార్డులో మూడు రాత్రులు పిన్నికి తోడు కూర్చున్నాను. ఇంగ్లండు వెళ్ళకముందు ఇలాంటి వార్డులోనే కాంట్రాక్టు నర్సుగా చేశాను. అప్పుడు పరుగుల్లో పట్టించుకోనివన్నీ ఇప్పుడు స్టూలు మీద కూర్చుంటే కనిపించాయి.

నలభై మందికి రాత్రి ఒక్క సిస్టర్. అయినా వార్డు నడుస్తోంది. సెలైన్ అయిపోవస్తే చక్రం తిప్పి ఆపడం పిన్నికి రెండో రోజుకే వచ్చేసింది. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసేది కొడుకు, ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోసేది అల్లుడు. ఎదురు మంచం సత్తెనపల్లి ఆవిడ "అక్కా, మా ఆయన్ని కాస్త కనిపెట్టు, టీ తెచ్చుకుంటా" అని పిన్నికి అప్పగించి పోయేది. మేము షిఫ్టు మారేటప్పుడు కాగితాలు పట్టుకుని చేసే హ్యాండోవర్ అంటే ఇదే!

ఇంగ్లండులో నేను చేసే వార్డులో రాత్రి ఎనిమిదికల్లా చుట్టాలు ఇళ్ళకి వెళ్ళిపోతారు. ఒళ్ళు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్, పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం అన్నీ నావీ, నర్సుకి సాయంగా ఉండే ఒక హెల్త్‌కేర్ అసిస్టెంటువీ. పన్నెండు గంటల షిఫ్టు. పగలు ఒక నర్సుకి ఎనిమిది మందికి మించితే ప్రమాదమని 2014లోనే అక్కడి మార్గదర్శకాల్లో రాశారు. పక్కనున్న వేల్స్‌లో నర్సుల సంఖ్య మీద 2016లో చట్టమే చేశారు, ఇంగ్లండులో అలాంటిది లేదు. నాకు పది మంది పడ్డ పూటలు బోలెడు. కాకపోతే ఈ పూట ఎంతమంది నర్సులు ఉండాలో, ఎంతమంది ఉన్నారో వార్డు గుమ్మంలో బోర్డు మీద రాసి ఉంటుంది. తక్కువైతే కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చేస్తాం. దాన్ని ఎవరు చదువుతారో దేవుడికెరుక. 2022 డిసెంబరులో నర్సులు సమ్మె చేసినప్పుడు నా మలయాళీ స్నేహితురాలు చలిలో ప్లకార్డు పట్టుకుంది. నేను వీసా భయంతో డ్యూటీకి పోయాను. ఇప్పటికీ ఆ మాటెత్తితే నాకు సిగ్గే.

ఇక్కడ ఆ బోర్డు ఎవరు పెడతారు? పిన్నిని ఏ లెక్కలో రాస్తారు?

మూడో రాత్రి డ్యూటీకొచ్చింది నా పాత సీనియర్. నన్ను చూడగానే "ఏమే ఇంగ్లండు సిస్టరూ, ఊరికే కూర్చోకపోతే ఆ చివరి మంచం బీపీ చూడరాదూ" అంది. చూశాను. రెండింటికి కాస్త తెరిపి దొరికితే టీ తాగుతూ, "అక్కా, జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమాలో బట్టీ పట్టాం గుర్తుందా, బోధనాసుపత్రి వార్డులో ముగ్గురికి ఒక నర్సు అని?" అన్నాను.

"ఆ ముగ్గురూ ఎవరో చెప్పవే, వాళ్ళనే చూసి పడుకుంటా."

ఇద్దరం నవ్వుకున్నాం. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాది. ఓఈటీకి ఎక్కడ చేర్చమంటావు?"

ఓఈటీ అంటే విదేశాల్లో నర్సు పనికి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష. దానికి విజయవాడలో నేను చేరిన చోటు చెప్పాను. ఇంజెక్షన్ల ట్రే అట్ట చింపి, దాని వెనక రాసుకుంది.