ఆమెను అవమానపరచనొల్లక

"ఆమె భర్తయైన యోసేపు నీతిమంతుడైయుండి ఆమెను అవమానపరచనొల్లక రహస్యముగా ఆమెను విడనాడ ఉద్దేశించెను." మత్తయి సువార్త 1వ అధ్యాయం 19వ వచనం ఇది. తనకు నిశ్చయమైన మరియ కాపురానికి రాకముందే గర్భవతి అయిందని తెలిసినప్పటి సంగతి. క్రిస్మస్ ప్రసంగాల్లో ఈ వాక్యాన్ని తొందరగా దాటేస్తాం. వెంటనే కల వస్తుంది, దూత వస్తాడు, ఇమ్మానుయేలు అనే పేరు వస్తుంది, మనసంతా అటే పోతుంది. అయితే దూత రాకముందు, ఏ వెలుగూ కనబడకముందు, ఆ మనిషి తనకు తానుగా తీసుకున్న నిర్ణయం ఇది. పది ఆజ్ఞలను ఎలా పాటించాలో తెలుసుకోవాలనుకునేవారు ముందుగా ఈ వాక్యం దగ్గర కూర్చోవాలని నా గట్టి నమ్మకం.

యూదుల్లో ప్రధానం, అంటే నిశ్చితార్థం, జరిగిందంటే ఆ అమ్మాయి భార్య కిందే లెక్క. ఆ బంధాన్ని తెంచుకోవాలంటే విడాకుల పత్రం రాయవలసిందే. కాపురానికి రాకముందే మత్తయి యోసేపును "భర్త" అనడానికి కారణం అదే. ప్రధానమైన కన్య మరొకరితో కూడితే ఊరి గవిని దగ్గర రాళ్లతో కొట్టాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఉంది. యోసేపు ఆ ధర్మశాస్త్రం వింటూ పెరిగినవాడు. వ్యభిచరింపకూడదన్న ఆజ్ఞ అతనికి చిన్నమాట కాదు. తనకు అన్యాయం జరిగిందనే ఆ ఘడియలో అతను నమ్మి ఉంటాడు. అంత బాధలోనూ ఆమెను నలుగురిలో నిలబెట్టకూడదనే అనుకున్నాడు. మత్తయి అతణ్ణి నీతిమంతుడు అన్నది ఇక్కడే.

మా నల్లగొండ పల్లెల్లో జరిగే గృహ ప్రార్థన కూటాల్లో ఈ వాక్యం చదివినప్పుడు ముందుగా నోరు విప్పేది ఆడవాళ్లే. ఒక ఆడపిల్ల మీద మాట పుడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఒకసారి ఒక అక్క అన్నది: "ఆయన పెద్దమనుషులను పిలవలేదు, పంచాయితీ పెట్టలేదు. తన తల్లితో కూడా చెప్పుకున్నట్టు రాసి లేదు." ఆ చివరి మాటకు గది నిశ్శబ్దమైంది. నిజమే, నాలుగు సువార్తల్లో ఎక్కడా యోసేపు పలికిన మాట ఒక్కటి కూడా లేదు. ఇంత పెద్ద విషయం తెలిసి నోరు కట్టుకున్న మనిషి అతను. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞను కంఠతా అప్పజెప్పి, ఇంటికి వెళ్లే దారిలోనే ఎవరి గురించో విన్నమాట మోసుకుపోయే అలవాటు మనకు ఉంది. యోసేపు ముందు కూర్చుంటే ఆ అలవాటు సిగ్గుపడుతుంది.

ఇలాంటి చదువు పదిమంది కూర్చునే గదిలో సాధ్యమవుతుంది. ఆదివారం ఆరాధనలో అయ్యగారు చెబుతారు, మనం వింటాం. అది కావలసిందే, కానీ వినడం వేరు, వాక్యానికి మన నోటితో జవాబు చెప్పడం వేరు. ఈ ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైటు (ఒక ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖ) దంపతులు, ఫ్రీసెన్ దొరగారు, దొరసానిగారు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టారు. తరువాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ కాంపౌండ్లు వెలిశాయి. అయితే మాల, మాదిగ వాడల్లో గుడిసె గుడిసెకూ వాక్యాన్ని తీసుకెళ్లినవారిలో బైబిలు స్త్రీలని పిలిచే మన తెలుగు ఆడవాళ్లే ముఖ్యులు. చదువు రానివాళ్ల మధ్య కూర్చుని, ఒక్కో వాక్యం చదివి, మళ్లీ వాళ్ల చేత పలికించేవారు. నేటికీ మా కూటానికి వచ్చే ఒక అవ్వ బైబిలును మూసి ఒడిలో పెట్టుకుంటుంది. చదివేవారు ఒక్క మాట తప్పితే ఆమె పెదవులు ఆగిపోతాయి, మేము వెనక్కి వెళ్లి సరిచేసుకుంటాం.

మత్తయి మొదటి పదిహేడు వచనాలను దయచేసి వదలకండి. వంశావళి అని విసుగుపడి చాలామంది 18 నుంచి మొదలుపెడతారు. పేర్లన్నీ గట్టిగా చదివించండి. అబ్రాహాము నుంచి క్రీస్తు వరకు సాగే ఆ వరుసలో తామారు, రాహాబు, రూతు కనబడతారు. నాలుగో ఆమె దగ్గర మత్తయి పేరు రాయడు, "ఊరియా భార్య" అంటాడు. దావీదు వ్యభిచరించాడు, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఊరియాను చంపించాడు. పొరుగువాని భార్యను ఆశించకూడదు, వ్యభిచరించకూడదు, నరహత్య చేయకూడదు, ఈ మూడూ ఒకే కథలో కూలిపోయాయి. రాజవంశపు పట్టికలో అలాంటి సంగతిని ఎవరైనా దాచిపెడతారు. మత్తయి దాచలేదు సరికదా, అన్యాయమైపోయిన ఆ భర్త పేరును యేసు వంశావళిలో శాశ్వతంగా నిలిపాడు. ఆజ్ఞలు మీరిన మనుషుల ఇంట్లోనే రక్షకుడు పుట్టాడన్నది నిజం. ఆ మీరడం వల్ల ఎవరు నలిగిపోయారో దేవుడు మరిచిపోలేదన్నదీ అంతే నిజం. మొదటి మాటను మనం తరచుగా చెబుతాం, రెండోది కూడా చెప్పాలి.

లూకా దగ్గరికి వస్తే 2వ అధ్యాయంలో గొల్లలు వెళ్లిపోయాక మన చదువు సాధారణంగా ఆగిపోతుంది. ఆగకుండా 21 నుంచి 39 వరకు చదవండి. ఆ కొన్ని వచనాల్లోనే ధర్మశాస్త్రం ప్రస్తావన ఐదుసార్లు వస్తుంది. ఎనిమిదో రోజున సున్నతి, శుద్ధి దినాలు గడిచాక యెరూషలేము దేవాలయంలో శిశువును ప్రతిష్ఠించడం, బలి. ఆ బలి ఏమిటి? గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. బాలెంతరాలు గొర్రెపిల్లను తేవాలని, దానికి శక్తి చాలకపోతే ఇవి తేవచ్చని లేవీయకాండం 12వ అధ్యాయం చెబుతుంది. అంటే మరియ, యోసేపులు పేదవాళ్లు పాటించే పద్ధతిలో ఆజ్ఞను పాటించారు. లేనివాడికి కూడా చోటు ఉండేలా దేవుడే ఆ ఆజ్ఞను ముందుగా రాయించాడు. పెళ్లి ఖర్చులకూ పండుగ బట్టలకూ అప్పు చేసే మన ఇళ్లలో ఈ వచనం గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు.

వలస గురించి మా వైపు ఎవరికీ వివరించనవసరం లేదు. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్టలు, తవ్వని కాలువలు ఈ దేశంలో తక్కువ. "సత్రములో వారికి స్థలము లేనందున" అని చదివినప్పుడు, ముంబై వైపు కట్టడం పనికి వెళ్లి అక్కడే బిడ్డను కన్న ఒక చెల్లెలు ఈ మాట అన్నది: "చోటు లేదన్నవాళ్లందరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. నిజంగానే చోటు ఉండదు." తనకు పురుడు పోసింది భాష కూడా తెలియని ఒక స్త్రీ అనీ, అడ్డంగా రెండు చీరలు కట్టి, బిడ్డను తన కొంగుతో తుడిచి చేతికిచ్చిందనీ చెప్పింది. బేత్లెహేములో మరియకు సాయపడినవారి గురించి లూకా ఏమీ రాయలేదు. కానీ నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను అన్న ఆజ్ఞకు ఆ రాత్రి మా గదిలో ఒక ముఖం దొరికింది. "పొరుగువాడు ఎవడు" అని ఆ తరువాత ఎవరూ అడగలేదు.

మా ఊరి చేలలో మంద కట్టే ఒక కాపరి అన్న అప్పుడప్పుడు గడప దగ్గర కూర్చుని వింటాడు. గొల్లలు త్వరగా వెళ్లారని చదవగానే ఆయన అడిగాడు: "మరి మందను ఎవరికి అప్పజెప్పారు? ఈనే గొర్రె ఉంటే రాత్రిపూట వదిలి కదలలేం. పోయారంటే, చెప్పినమాట నిజమని మనసుకు తెలిసి ఉంటుంది." చలికి పుట్టిన పిల్లను గొంగడిలో చుట్టి పొట్టకు ఆనించుకునే మనిషి ఆయన. వ్యాఖ్యాన గ్రంథాలు చదివిన మాకెవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. లూకా దానికి జవాబు చెప్పడు. ఆ మౌనాన్ని అలాగే ఉండనిచ్చాం. చిన్న కూటానికి నాయకత్వం వహించేవారు ప్రతి ప్రశ్నకూ జవాబు వెతికిపెట్టాలని తాపత్రయపడకూడదు.

మరియ కీర్తన ఇంకో సంగతి. "ఆకలిగొనినవారిని మంచి పదార్థములతో సంతృప్తిపరచి ధనవంతులను వట్టిచేతులతో పంపివేసెను." దొరల గడీల్లో వెట్టిచాకిరీ చేసిన తాతల కథలు విన్న జిల్లా ఇది. ఆ వాక్యం దగ్గర విశ్రాంతి దిన ఆజ్ఞను కూడా జతగా పెట్టి చదివితే ఒళ్లు ఝల్లుమంటుంది. దాసుడూ దాసీ పశువూ పరదేశీ ఎవరూ ఆ రోజు పని చేయకూడదని నిర్గమకాండం 20వ అధ్యాయం చెబుతుంది. ఐగుప్తులో వెట్టి చేసిన జనానికి ఇచ్చిన ఆజ్ఞ అది.

కూటం నడిపేవారికి కొన్ని మాటలు. మత్తయిని, లూకాను కలిపేయకుండా విడివిడిగా చదవండి. నాటకాల్లో గొల్లలూ జ్ఞానులూ ఒకే తొట్టి చుట్టూ నిలబడతారు కానీ, మత్తయిలో జ్ఞానులు వచ్చింది ఇంటిలోనికి, వాళ్లు ముగ్గురని ఎక్కడా లేదు. అయినా పిల్లల నాటకాన్ని ఈ కారణంగా తప్పుపట్టవద్దు. కతోలిక సోదరులు కూటంలో ఉంటే ఆజ్ఞను సంఖ్యతో కాకుండా మాటలతో చెప్పండి. మనం ఏడోది అనేది వారి లెక్కలో ఆరోది. డిసెంబరు అంటే పత్తి ఏరే కాలం. రాత్రి ఎనిమిదికి వచ్చేవారి వేళ్లు గీరుకుపోయి ఉంటాయి, కళ్లు మూతలు పడుతుంటాయి. ఒక్క భాగం, ఒక్క ఆజ్ఞ, ఒక్క ప్రార్థన చాలు. స్టార్లకూ సౌండ్ బాక్సులకూ పెట్టే శ్రద్ధలో కొంత ఆ గదిలో మంచి దీపానికి, పెద్ద అక్షరాల బైబిలుకు పెడితే ఎంతో మేలు.

పండుగతో ఈ చదువును ఆపకండి. హేరోదు జ్ఞానులతో తానూ వచ్చి పూజిస్తానని అబద్ధమాడాడు, తరువాత బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు. రాహేలు తన పిల్లల కోసం ఏడ్చిందని అక్కడ మత్తయి రాసిన వచనాన్ని కూడా క్రిస్మస్ వారంలోనే చదవాలి. ఆ తరువాత జనవరి మొదటి కూటంలో మత్తయి 5వ అధ్యాయం తెరవండి. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదు, నెరవేర్చడానికే వచ్చానని ఆ శిశువే పెద్దవాడై చెబుతాడు. నరహత్య గురించిన ఆజ్ఞను కోపం దాకా, సహోదరుణ్ణి తిట్టే ఒక్క మాట దాకా తీసుకెళతాడు. హేరోదునూ యోసేపునూ ఎదురెదురుగా పెట్టి ఆ భాగం చదవండి. ఇద్దరికీ ఒక బిడ్డ గురించి గుండె కలత చెందే వార్త అందింది. ఆ వార్తతో ఇద్దరూ ఏం చేశారో ముందుగా కూటంలోని యువకులను చెప్పనివ్వండి, పెద్దలు తరువాత మాట్లాడవచ్చు.