తిరిగే వస్తువును చల్లగా ఉంచడం

జీడిమెట్ల నుంచి ఆటో ట్రాలీలో వచ్చిన ద్రవ నైట్రోజన్‌ను నేను కడుతున్న మోటారు కోసం చుట్టి థర్మోకోల్ పెట్టెలో ఉంచిన తీగచుట్టపై పోసినప్పుడు, అది మొదట వేడి పెనంపై చిలకరించిన నీళ్లలా చిటపటలాడుతుంది, తర్వాత చాలాసేపు మందకొడిగా ఉడుకుతుంది. చుట్ట చల్లబడిపోయిందని మనం అనుకునే వేళకు ఒక్కసారిగా కుతకుతమని పొంగి, ఆ వెంటనే సద్దుమణుగుతుంది. లోహానికీ ద్రవానికీ మధ్య అప్పటిదాకా అడ్డుగా ఉన్న ఆవిరి పొర చెదిరిపోవడమే ఆ చివరి పొంగుకు కారణం. థర్మామీటరు 77 కెల్విన్లు, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్, చూపించే లోపే సంగతి చెవికి తెలిసిపోతుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువుగా మారి గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది కనుక, మే నెల ఎండలోనూ ఏసీ కట్టేసి కిటికీలన్నీ బార్లా తెరిచే ఈ పని చేస్తాము. చేతి కింద మైనస్ 196, నుదుటిపై చెమట!

ఈ శ్రమంతా దేనికంటే, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పూ, మిల్లీమీటరులో పదో వంతు మందమూ ఉన్న అతివాహక (సూపర్‌కండక్టర్) టేప్ ఆ చలిలో వంద ఆంపియర్లకు పైగా నిరోధం లేకుండా మోయగలదు. మామూలు మోటారులోని రాగి తీగకు చదరపు మిల్లీమీటరుకు నాలుగైదు ఆంపియర్లు దాటితే వేడి సమస్య మొదలవుతుంది. ఈ టేప్‌లో అదే లెక్క 250 ఆంపియర్లకు చేరుతుంది. అమెరికా నౌకాదళం కోసం తయారై 2009 జనవరిలో పూర్తి భారంతో పరీక్షకు నిలిచిన 36.5 మెగావాట్ల ఓడ మోటారు, అదే శక్తి గల సాధారణ మోటారు బరువులో సగం కంటే తక్కువే తూగడానికి మూలం ఇక్కడే ఉంది.

అయితే అతివాహకం నష్టం లేకుండా మోసేది ఒకే దిశలో నిలకడగా పారే డీసీ కరెంటును మాత్రమే; దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు పెడితే దానిలోనూ వేడి పుడుతుంది. అందువల్ల ఇలాంటి (సింక్రనస్) యంత్రాల్లో సాధారణంగా ఆర్మేచర్‌ను, అంటే ఏసీ ప్రవహించే కదలని చుట్టలను, రాగితోనే ఉంచి, డీసీ ప్రవహించే రోటార్ (తిరిగే భాగం) చుట్టలను మాత్రమే అతివాహకంతో చేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే చల్లగా ఉండవలసినదీ అదే, తిరగవలసినదీ అదే. పైగా రోటార్‌లోని బలమైన అయస్కాంత క్షేత్రంలో 77 కెల్విన్ల దగ్గర టేప్ సామర్థ్యం బాగా పడిపోతుంది కాబట్టి, 30 కెల్విన్ల దాకా దిగక తప్పదు. డెన్మార్క్‌లోని థైబోరాన్‌లో 2018లో గాలిమర పైకెక్కిన 3.6 మెగావాట్ల ఎకోస్వింగ్ జనరేటర్ రోటార్ కూడా ఆ స్థాయి చలిలోనే తిరిగింది.

మా ఊళ్లో ఐసుగడ్డను ఊకలో కప్పి గోనెపట్టా చుట్టేవారు. ఈ యంత్రాల్లో ఆ ఊక స్థానంలో శూన్యమూ, అల్యూమినియం పూసిన పలుచని మైలార్ ప్లాస్టిక్ పొరలూ ఉంటాయి. నా దృష్టిలో మోటారు రూపకల్పనలో సగానికి పైగా పని ఈ గోనెపట్టా కట్టడమే. ఎందుకంటే బయట 42 డిగ్రీలు, అంటే 315 కెల్విన్లు, ఉన్న రోజున 30 కెల్విన్ల చోట నుంచి ఒక్క వాటు వేడిని తోడిపోయడానికి ప్రకృతి నియమం ప్రకారమే కనీసం తొమ్మిదిన్నర వాట్లు ఖర్చవుతాయి. నిజమైన క్రయోకూలర్ (ఇంత చలిని పుట్టించే యంత్రం) దానికి కొన్ని రెట్లు అడుగుతుంది. ద్రవ హీలియం చలి, 4.2 కెల్విన్లు, కావాలంటే ఆ కనీస ఖర్చే 74 వాట్లు.

వేడి చొరబడే దారుల్లో నన్ను ఎక్కువ ఏడిపించినవి కరెంటు లీడ్లు, అంటే బయటి నుంచి చుట్టకు కరెంటు తెచ్చే కడ్డీలు. విద్యుత్తును బాగా మోసే లోహం వేడినీ బాగానే మోస్తుంది: లావుగా చేస్తే బయటి వేడి లోపలికి జారుతుంది, సన్నగా చేస్తే లీడే వేడెక్కుతుంది. కొలతలు సరిగ్గా కుదిరినా 77 కెల్విన్ల దాకా వెళ్లే రాగి జత వంద ఆంపియర్లకు దాదాపు తొమ్మిది వాట్లు లోపలికి తెస్తుంది, అంటే గంటకు 200 మిల్లీలీటర్ల నైట్రోజన్ గాలిలో కలిసినట్టే. లావైతే మేలనుకొని నేను మొదట బొటనవేలంత కడ్డీలు వేశాను. ఆగస్టు తేమకు వాటి పైభాగమంతా మంచు పేరుకొని, నీళ్లు బల్ల మీదికి కారి, సాయంత్రానికి నైట్రోజన్ నిల్వ ఉంచే డీవార్ ఫ్లాస్కు ఖాళీ అయింది.

చుట్టకు ఎపాక్సీ పోసి గట్టిపరచడం నేను చేసిన రెండో పొరపాటు. చల్లబడేటప్పుడు ఎపాక్సీ టేప్ కంటే ఎక్కువగా ముడుచుకొని, టేప్‌లోని పొరలను ఒకదాని నుంచి మరొకదాన్ని పీకేస్తుంది. మొదటిసారి చల్లార్చగానే చుట్ట సగం కరెంటుకే వోల్టేజీ చూపించింది, అంటే నిరోధం తలెత్తింది. లాగితే తానే విడిపోయే పారఫిన్ మైనం వాడాలన్నది ఈ రంగంలో తెలిసిన ఉపాయమే. నేను ఆలస్యంగా నమ్మాను. మైనంలో ముంచిన కొత్త చుట్ట అయిదుసార్లు చల్లబడి వేడెక్కినా కొలత మారలేదు. ఇక దాన్ని ఇరుసు మీదికి ఎక్కించాలి. టార్కునంతా మోస్తూ వేడిని మాత్రం మోయని గ్లాస్ ఫైబర్ ఎపాక్సీ గొట్టం కోసం ప్రస్తుతం బాలానగర్‌లో తిరుగుతున్నాను.