చుక్కల గుర్రం దొరికింది: నా క్నాబ్‌స్ట్రప్పర్ కొనుగోలు డైరీ

మొదటి నెల

ఇప్పటివరకు వెళ్లి చూడదగ్గ గుర్రం ఒక్కటీ తగల్లేదు. చుక్కలున్నవి చాలానే కనిపించాయి కానీ, వాటిలో ఎక్కువ అపలూసాలు (అమెరికా చుక్కల జాతి), మిగతావి కాగితాలు లేని కలగలుపు గుర్రాలు. నాకు కావాల్సింది క్నాబ్‌స్ట్రప్పర్. అందులోనూ స్పోర్ట్ టైప్, అంటే వార్మ్‌బ్లడ్ (పోటీలకు పెంచే యూరప్ గుర్రాలు) రక్తం కలిసిన, పొడవు కాళ్ల రకం. మెడ బలిసి, ఒళ్లు గుండ్రంగా ఉండే బరోక్ రకం కూడా అందంగానే ఉంటుంది. అయితే నేను చేసేది జంపింగ్.

ఈ జాతి డెన్మార్క్‌ది. ఫ్లేబె అనే కసాయి దగ్గర మేజర్ విలార్స్ లున్ ఒక చుక్కల ఆడగుర్రాన్ని కొన్నాడు. 1812లో తన క్నాబ్‌స్ట్రప్‌గార్డ్ ఎస్టేట్‌లో దాన్ని ఫ్రెడెరిక్స్‌బోర్గ్ అనే మరో డెన్మార్క్ జాతి మగగుర్రంతో దాటించాడు. మరుసటి ఏడు పుట్టిన మగపిల్లే ఈ వంశానికి మూలం. 1891లో అక్కడి గుర్రపుశాల తగలబడి 22 మేలిజాతి గుర్రాలు చనిపోయాయి. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. చివరికి జాతి బాగా సన్నగిల్లిపోతే, 1971లో మూడు అపలూసా మగగుర్రాలను డెన్మార్క్‌కు తెచ్చి కొత్త రక్తం ఎక్కించారు. అందుకే వంశావళిలో అపలూసా పేరు కనిపించినంత మాత్రాన అది నకిలీ గుర్రం అనుకోకూడదు. నేను మొదట్లో ఆ పొరపాటే చేసి ఒక మంచి గుర్రాన్ని వదిలేశాను.

మూడో నెల: తెల్లగుర్రం

దాదాపు పాలరంగులో, అక్కడక్కడా నాలుగు చుక్కలతో ఉన్న మగగుర్రం. దీన్ని ఫ్యూస్పాట్ అంటారు. కదలిక అద్భుతం. మైదానంలో ఎండలో ఎక్కాను, ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం వెలుతురు తగ్గాక శాలలోకి నడిపిస్తుంటే గడప దగ్గర ఆగిపోయింది. తల పైకెత్తి, ఎక్కడ అడుగు వేయాలో తెలియనట్టు తడబడింది. అమ్మే ఆయన "కొత్తవాళ్లను చూస్తే దీనికి బెరుకండీ" అన్నారు.

నాకు అనుమానం అక్కడే మొదలైంది. ఈ చుక్కలకు కారణం ఎల్‌పీ అనే జన్యువు. అది ఒక్క ప్రతి ఉండి, దానికి పాటర్న్-1 అనే మరో జన్యువు కూడా తోడైతే తెల్లటి ఒంటి మీద నిండా చుక్కలతో లెపర్డ్ అనే రంగు వస్తుంది. అదే ఎల్‌పీ రెండు ప్రతులు ఉంటే చుక్కలు దాదాపు మాయమై ఫ్యూస్పాట్ అవుతుంది. రెండు ప్రతులున్న గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి ఉంటుంది. వయసుతో పెరగదు, మందూ లేదు. పగలు చూపు మామూలుగానే ఉంటుంది కాబట్టి కొనేవాళ్లకు తెలియకుండా పోతుంది.

అమ్మే ఆయన ఒప్పుకున్నాక జూలు నుంచి కుదుళ్లతో సహా వెంట్రుకలు పీకి జన్యు పరీక్షకు పంపాం. రెండు ప్రతులు అని వచ్చింది. పిల్లలు పెట్టించాలనుకునేవాళ్లకు ఇది బంగారం లాంటి గుర్రం, ఎందుకంటే దేనితో దాటించినా పుట్టే ప్రతి పిల్లకూ ఎల్‌పీ వస్తుంది. నేను ఎక్కేది మాత్రం ఎక్కువగా చీకటిపడే వేళ. చాలా బాధపడుతూనే వద్దన్నాను.

ఐదో నెల: ఇదే

తొమ్మిదేళ్ల గెల్డింగ్ (వృషణాలు తీసిన మగగుర్రం), ఎత్తు 160 సెంటీమీటర్లు, ముక్కు నుంచి తోక దాకా నల్లచుక్కలు. పరీక్ష ఫలితం ముందే అడిగాను: ఎల్‌పీ ఒక్క ప్రతి. అప్పుడే బయలుదేరాను.

ముందుగానే చెప్పాను, నేను వచ్చేదాకా దాన్ని బయటికి తీయొద్దని. వెళ్లగానే జీను వేసే చోట వీపు మీద, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి, చెమట ఏమీ లేవు, అంటే ముందే తిప్పి అలసగొట్టలేదు. గట్టి నేల మీద చేత్తో పట్టుకుని తిన్నగా ట్రాట్ (దుడుకు నడక) చేయించాం, తర్వాత రెండు వైపులా చిన్న గుండ్రాలు తిప్పించాం. మొదట వాళ్ల మనిషి ఎక్కాడు, తర్వాత నేను. ఎడమ వైపు కాంటర్ (నెమ్మది దౌడు) తేలికగా అందుకుంది, కుడి వైపు కొంచెం బిగుసుకుంటుంది. అది శిక్షణతో సరిపోయే విషయమే అనిపించింది. మళ్లీ రెండోసారి చెప్పకుండా వెళ్లాను. అదే గుర్రం, అదే నెమ్మది.

కొనే ముందు పరీక్షకు వెట్‌ను (పశువైద్యుణ్ణి) నేనే మాట్లాడుకున్నాను. అమ్మేవాళ్లకు రోజూ చూసే వెట్‌తో ఈ పని చేయించకూడదు. ఒక్కో కాలు నిమిషం పాటు మడిచి పట్టుకుని వదిలి, వెంటనే ట్రాట్ చేయించారు. వెనక ఎడమ కాలు మొదటి రెండు అడుగులు కాస్త బిగుసుకుంది. నాకు గుండె ఆగినంత టెన్షన్. ఆ కాలి కీళ్ల ఎక్స్‌రేలు ఎక్కువ తీయించాం, ఏమీ కనిపించలేదు. నొప్పి మందులు ఇచ్చి చూపించారా అని తర్వాత తేల్చుకోవడానికి వీలుగా రక్తం తీసి భద్రపరిచారు. ఒంట్లో ఉన్న గుర్తింపు చిప్ నంబరూ, గుర్రం పాస్‌పోర్టులో ఉన్న నంబరూ కలిశాయి.

కళ్లకు మాత్రం విడిగా, చీకటి గదిలో పరీక్ష చేయించాను. ఎల్‌పీ ఉన్న గుర్రాలకు కంటి లోపల మాటిమాటికీ వాపు వచ్చే యువైటిస్ ముప్పు ఎక్కువ. పదేపదే వస్తే చూపు పోతుంది. ఒక్క ప్రతి ఉంటే ముప్పు తగ్గుతుందేగానీ పోదు. ఇప్పటికి రెండు కళ్లూ శుభ్రం. ఆ రిపోర్టును ఫోటోలతో సహా దాచుకున్నాను, రేపు ఏదైనా తేడా వస్తే పోల్చి చూడటానికి.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు

మొదటి రెండు రోజులు మేత తక్కువ తిన్నాడు. పాత చోట తిన్న ఎండుగడ్డే కొంత తెచ్చుకుని కొత్తదానితో కలిపి పెడుతున్నాను. ముక్కు దగ్గర గులాబీ చర్మం ఎండకు ఎర్రబడింది, రోజూ ఉదయం సన్‌స్క్రీన్ రాస్తున్నాను. బయటికి వదిలినప్పుడు కళ్లకు ఎండ ఆపే ఫ్లై మాస్క్ వేస్తున్నాను. కన్ను సగం మూసినా, నీరు కారినా అదే రోజు వెట్‌ను పిలవాలని శాలలో అందరికీ చెప్పి, తలుపు మీద రాసి అంటించాను.

నిన్న రాత్రి లైట్లు తీసేసి శాల తలుపు దగ్గర నిలబడి పిలిచాను. చీకట్లో నేలమీది బకెట్‌ను తప్పించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.